అత్తమ్మ వద్దంటుందని హైదరాబాద్ తీసుకుపోయాను

తిరిగొచ్చిన దగ్గర్నుంచి మా చాళ్‌లో అందరిదీ ఒకటే ప్రశ్న, హైదరాబాద్ ఎట్లా ఉంది అని. నల్లా దగ్గర ఒకరికి చెప్పి వచ్చేసరికి మెట్ల మీద ఇంకొకరు ఆపుతున్నారు. ఒకరికి మేడల గురించి చెప్పి ఇంకొకరికి ఇడ్లీల గురించే చెప్పానట, అది పక్షపాతమట. అందుకని అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నాను. చదివినవాళ్ళు చదవనివాళ్ళకు చెప్పండి.

మా చాళ్ ఎరగనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ముంబైలో వర్లీ దగ్గర ఉంటుంది. పొడుగాటి వరండా, దాని వెంబడి వరసగా ఖోలీలు అనే గదులు, గదికో కాపురం. మిల్లులు నడిచే కాలంలో తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాలే సగం. నేను పుట్టింది పరేల్ ఆస్పత్రిలో, చదివింది మున్సిపాలిటీ వారి తెలుగు బడిలో. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, ఆఫీసులో హిందీ, జీతం చీటీలో ఇంగ్లీషు. ఇట్లా నలభై ఆరేళ్ళు గడిచాయి.

నాది బీమా కంపెనీలో ఉద్యోగం. కాలు విరిగింది, డబ్బులివ్వండి అని జనం పెట్టుకునే దరఖాస్తులు చూసి, నిజంగా విరిగిందా అని అనుమానించడం నా పని. మొన్నామధ్య మా విభాగం మొత్తాన్నీ హైదరాబాద్ మారుస్తున్నామన్నారు. హెచ్‌ఆర్ అమ్మాయి నన్ను పిలిచి, "చిన్న ఊరు, ప్రశాంతంగా ఉంటుంది, పైగా మీ సొంత ఊరే కదా" అంది. నా ఇంటిపేరు చూసి నా ఊరేదో ఆమే తేల్చేసింది. ఇష్టమైతే పోవచ్చు, కష్టమైతే ఉద్యోగం మానేసి పోవచ్చు. ముందు ఒకసారి చూసి రండి, ఇంట్లో ఒకరిని తీసుకెళ్ళండి, ఖర్చు కంపెనీదే అంది.

మా ఆయన వర్లీ నాకా దగ్గర బట్టలు కుడతాడు. "మిషను ఎక్కడ పెడితే అక్కడ నడుస్తుంది. అమ్మను అడుగు. అమ్మ వస్తానంటే పోదాం, రానంటే లేదు" అన్నాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నాకు పోవాలని లేదు. కానీ ఆ మాట నేనంటే, బంగారం లాంటి ఉద్యోగాన్ని చేజేతులా వదులుకున్న మొండిదాన్నవుతాను. అదే అత్తమ్మ అంటే, అత్తగారి మాట కాదనలేని కోడలినవుతాను. రెండోది వినడానికి బాగుంటుంది. డెబ్బై దాటిన మనిషి, ఈ వరండాలోనే జీవితమంతా గడిపిన మనిషి, ఆ ఆకాశమంత మేడలు చూస్తే ఒక్కరోజు కూడా ఉండనంటుందని నాకు గట్టి నమ్మకం. అందుకే ఆమెను తోడు తీసుకుపోయాను.

లింగంపల్లి

రైలు దిగుతూనే అత్తమ్మ కొంగు సర్దుకుంది. ఆమె పేరు లచ్చమ్మ. నల్లగొండ దిక్కు నుంచి పెళ్ళికూతురుగా ముంబై వచ్చింది. "ఇగ హిందీ మాట్లాడే పని లేదు. నోరు తెరిస్తె తెలుగే" అంటూ ప్లాట్‌ఫారం మీద నడిచింది, పరీక్ష పాసైనట్టు.

బయట ఆటో అతను ఎదురొచ్చి, "కహా జానా అమ్మా?" అన్నాడు.

"గచ్చిబౌలికి వస్తవా కొడుకా? ఎంత దీస్కుంటవ్?"

"దో సౌ. ట్రాఫిక్ బహుత్ హై."

అత్తమ్మ ఆగిపోయింది. "నేను తెలుగుల అడుగుతుంటె నువ్వు హిందీల జెప్తవేంది? నీది ఏ ఊరు?"

"నల్లగొండ దిక్కే అవ్వా" అని అతను పెద్దగా నవ్వాడు. "అలవాటైపోయింది. ఈ దిక్కు ఎక్కేటోళ్ళందరు హిందీల్నే మాట్లాడ్తరు. తెలుగోళ్ళు గూడ హిందీల్నే మాట్లాడ్తరు, నేను తెలుగోన్నని తెల్వక. ఇద్దరం తెలుగోళ్ళమే ఉంటం. దిగేదాంక ఎరుక గాదు."

మీటరు లేదా అని నేను అడిగాను. మా ఊళ్ళో మీటరు లేకుండా ఆటో కదలదు. అతను ఎప్పుడో పోయిన బంధువు గురించి అడిగినట్టు నా వైపు చూసి, "ఉన్నది మేడం" అని చూపించాడు. నిజంగానే ఉంది. దానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి.

దారి పొడుగునా వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. అత్తమ్మ ఏం మాట్లాడినా అతను అద్దంలో చూసి మురిసిపోతున్నాడు. "మా నాయనమ్మ ఇట్లనే మాట్లాడుతుండె. గీ మాటలు ఇప్పుడు మా ఊర్ల గూడ లేవు అవ్వా" అన్నాడు. మరి ఎందుకుంటాయి? ముంబైలో ఆమె తెలుగును ఎవరూ ముట్టుకోలేదు. కొత్త మాట కావాల్సి వస్తే మరాఠీది తెచ్చుకుంది, పాతవాటిని అట్లాగే ఉంచుకుంది. దిగేటప్పుడు అతను యాభై రూపాయలు తగ్గించాడు. ఆ యాభై కోసం అత్తమ్మ ఊరినే మెచ్చుకుంది. ఇది నా లెక్కలో లేదు.

గచ్చిబౌలి

కంపెనీ గెస్ట్‌హౌసులో మంచాలు మెత్తగా ఉన్నాయి, టీ పల్చగా ఉంది. పొద్దున టిఫినుకు బయటికి పోయాం. ఇడ్లీ మీద కారప్పొడి, దాని మీద నెయ్యి, ఆ నెయ్యి ప్లేటు అంచు దాకా. జనం నిలబడి తింటూ, ఒక చేత్తో చెమ్చా, ఒక చేత్తో ఫోను పట్టుకుని ఎవరితోనో మీటింగులో ఉన్నారు. మెడలో కంపెనీ బిళ్ళ వేలాడుతూ చట్నీలో మునుగుతుంటే ఒకతను దాన్ని తుడిచి మళ్ళీ మీటింగులోకి పోయాడు. ఇడ్లీ మాత్రం బ్రహ్మాండం. రెండు ప్లేట్లకు ఇచ్చిన డబ్బుతో వర్లీలో మా ఇంటిల్లిపాదీ కడుపు నిండా తినవచ్చు, కానీ అంత నెయ్యి మా ఇంట్లో నెలకు కూడా అవదు.

కోకాపేట

ఇళ్ళు చూపించడానికి కంపెనీ ఒక మనిషిని పెట్టింది. ఆయనిచ్చిన కార్డు మీద "ఓబీ, రిలొకేషన్ కన్సల్టెంట్" అని ఉంది. ముప్పై ఐదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, బైకు. అత్తమ్మ అడిగితే అసలు పేరు ఓబులేసనీ, అనంతపురం దిక్కనీ ఒప్పుకున్నాడు. "ఓబులేసు అంటే కోకాపేటలో ఎవురూ ఫోనెత్తరు అవ్వా" అన్నాడు.

మేం చూడబోయే టవరుకు ఇటలీలోని ఏదో ఊరి పేరు పెట్టారు. ఓబులేసుకు నోరు తిరగక "ఆ ఇటలీది" అంటాడు. గేటు దగ్గర గార్డు చేతిలో పెద్ద ఫోను లాంటి ఒక పలక. అందులో వచ్చినవాళ్ళు ఎవరో నొక్కితే తప్ప గేటు తెరుచుకోదు. ఉన్నవి నాలుగే రకాలు: అతిథి, క్యాబ్, పనిమనిషి, డెలివరీ. అతిథి అని నొక్కితే ఇంటాయన ఫోనులో ఒప్పుకోవాలి. ఇంటాయన దుబాయిలో ఉన్నాడు, ఫోనెత్తలేదు. గార్డు అత్తమ్మ వైపు చూసి మూడో దాని మీద వేలు పెట్టబోయాడు. నేను గట్టిగా దగ్గాను. చివరకు ఓబులేసు సర్దిచెప్పి మా ముగ్గురినీ డెలివరీ కింద నొక్కించాడు.

డెలివరీ అయినవాళ్ళు మామూలు లిఫ్టు ఎక్కకూడదట. వెనకవైపు సామాన్ల లిఫ్టులో, ఒక పరుపుకూ నాలుగు నీళ్ళ క్యాన్లకూ మధ్య నిలబడి ముప్పై రెండో అంతస్తుకు పోయాం. అత్తమ్మ పరుపును ఆనుకుని, "మెత్తగున్నది" అంది.

ఇల్లు మాత్రం ఇల్లంటే ఇల్లే. మా చాళ్‌లో ఒక అంతస్తు మొత్తం అందులో పడుతుంది. కిటికీలోంచి చూస్తే క్రేన్లు, సగం లేచిన మేడలు, మేడల కోసం పగలగొట్టగా మిగిలిన రాతిగుట్ట.

"లేక్ వ్యూ మేడం" అన్నాడు ఓబులేసు.

"ఏదీ చెరువు?"

"వానలు పడితే కనిపిస్తాది మేడం."

అంతలో వాళ్ళమ్మ దగ్గర్నుంచి ఫోను. పక్కకు తిరిగి, "తింటినిలేమ్మా. యాడుండావంటే ఏం జెప్పేది? ఆకాశంలో ఉండా" అన్నాడు.

నేను వంటిల్లు చూసి వచ్చేసరికి అత్తమ్మ లేదు. తలుపు తీసుకుని బయట కారిడారులో, గడప ముందర బాసిపట్లు వేసుకుని కూర్చుంది. మా చాళ్‌లో సాయంత్రం కూర్చున్నట్టే. పాలరాయి నేల, రెండు వైపులా మూసిన తలుపులు, ఒక్క మనిషి అలికిడి లేదు. లిఫ్టు తెరుచుకుని ఒకమ్మాయి చెవుల్లో వైర్లతో వచ్చింది. అత్తమ్మ మొహం వెలిగిపోయింది.

"ఏం కూర జేసినవ్ బిడ్డా ఇయ్యాల?"

ఆ అమ్మాయి బిత్తరపోయి చూసింది, గబగబా లోపలికి పోయి తలుపు వేసుకుంది. కాసేపటికి గార్డు వచ్చాడు. ఎవరో తెలియని మనిషి కారిడారులో కూర్చుని ఇంటి విషయాలు ఆరా తీస్తోందని ఫిర్యాదు అందిందట.

"డెలివరీవాళ్ళు కూర్చోకూడదు" అన్నాడు.

"డెలివరీ అంటె ఏంది?" అత్తమ్మ ఓబులేసును అడిగింది.

"సామాను తెచ్చేవాళ్ళు అవ్వా."

"నేనేం తెచ్చిన్రా?" అని రెండు ఖాళీ చేతులూ చూపించింది.

నా లోపల డోలు మోగింది. వచ్చిన పని మొదటి ఇంటితోనే అయిపోయింది. కింద తోటలో ఒక అంగడి, దాని మీద "బొంబాయి వడాపావ్" అని బోర్డు. ఆ ఆనందంలో రెండు కొన్నాను. పళ్ళెంలో పెట్టి, పక్కన ఫోర్కు పెట్టి ఇచ్చాడు. ధర చెప్తే మా వీధిలో వడాపావ్ అమ్మే మావుషి మంచం పడుతుంది, చెప్పను.

"గీడ మనుషులు లేరు" అంది అత్తమ్మ, ఫోర్కును పక్కకు తీసి పెడుతూ.

"నిజమే అత్తమ్మా" అన్నాను, వీలైనంత దిగులుగా. "నువ్వు ఎట్లా ఉంటవు ఇక్కడ?"

"గందుకే. ఇంకోటి సూపియ్యి ఓబులేసు."

మణికొండ

మణికొండలో మనుషులకు కొదవ లేదు. మేడ పక్కన మేడ, ఈ బాల్కనీ నుంచి ఆ బాల్కనీకి చేయి చాపి చక్కెర అందించవచ్చు. సందులో నీళ్ళ ట్యాంకరు నిలబడితే దాని వెనక కార్లు, కార్ల వెనక స్కూటర్లు, స్కూటర్ల వెనక ఓబులేసు. అత్తమ్మకు ప్రాణం లేచొచ్చింది. తలెత్తి ప్రతి బాల్కనీలో ఆరేసిన బట్టలను పేరుపేరునా చూసుకుంటూ నడిచింది.

ఇంటామె కడప మనిషి, చాలా మర్యాద. కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించింది. ఆ బొరుగుల ఉప్మా మాకు కొత్త. అత్తమ్మ రెండోసారి పెట్టించుకుంది. అప్పుడు మొదలైంది ఇంటర్వ్యూ.

"మీరు ఏమోళ్ళండీ?"

"బొంబాయోళ్ళం" అంది అత్తమ్మ.

"అది సరే. అంతకు ముందు?"

"అంతకు ముందు నల్లగొండోళ్ళం."

"అది కూడా సరేనమ్మా. అంటే... మనలో ఎవురు అని."

"నేను అత్తను. ఈమె కోడలు."

ఇంటామె ఊపిరి తీసుకుని ఇంకో దారిలో వచ్చింది. "తింటారా మీరు?"

"తినకపోతె ఎట్ల బతుకుతం?"

"అది కాదు, నీసు తింటారా అని."

"ఐతారం ఐతారం తింటం. నువ్వు పెడ్తనంటె రోజు తింటం."

ఇంటామె నవ్వింది, మేమూ నవ్వాం, ఓబులేసు మాత్రం బజ్జీ నోట్లో పెట్టుకుని గోడ మీద గడియారం చూస్తున్నాడు. మేం మెట్లు దిగేలోపే ఇంటామె ఓబులేసుకు ఫోను చేసింది. ఉత్తరాది నుంచి ఎవరో చుట్టాలు వస్తున్నారట, ఇల్లు వాళ్ళకే కావాలట.

ఈ ప్రశ్నలు మా ముంబైలో లేవని కాదు. అక్కడ తలుపు సగం తీసి, ముఖం మీదే లేదంటారు. ఇక్కడ కూర్చోబెట్టి, ఉగ్గాని పెట్టి లేదంటారు. ఆకలితో ఉన్నవాళ్ళకు ఈ పద్ధతే మేలు.

నేను మనసులో రెండో ఇల్లూ కొట్టేశాను. అత్తమ్మ మాత్రం సందు చివర నిలబడి వెనక్కి చూసింది. "బజ్జీలు మంచిగ జేసింది. మనసే జర ఇరుకు" అంది.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్

మర్నాడు నేను కొత్త ఆఫీసు చూడాలి. అత్తమ్మను కింద ఏసీ హాల్లో సోఫా మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళ సీసా చేతికిచ్చి, ఎక్కడికీ కదలొద్దని చెప్పి పైకి పోయాను.

పైన ఒక కాకినాడ అమ్మాయి నన్ను తిప్పి చూపించింది. ఒక గదిలో ఊయలలు, ఒక గదిలో చిన్నపిల్లల బంతులు నింపిన తొట్టి. ఇంకో గదిలో ఎవరూ మాట్లాడకూడదట, మనసు కుదుటపడేందుకట. "పని చేసే గది ఏది?" అని అడిగితే ఆ అమ్మాయి పకపకా నవ్వింది.

"మీ తెలుగు భలే క్యూట్‌గా ఉందండి మేడం! ఇంకోసారి మాట్లాడరా?"

నలభై ఆరేళ్ళ వయసులో, దరఖాస్తులు చూసి చూసి కళ్ళజోడు నంబరు పెరిగిన నేను క్యూట్‌గా ఉన్నానట. ఇంకో ఇద్దరిని పిలిచి నా చేత "ఎక్కడికి పోతున్నవ్" అనిపించింది. ముంబైలో నా హిందీ విని మదరాసీ అంటారు. ఇక్కడ నా తెలుగు విని క్యూట్ అంటారు. నాకు కేటాయించిన కుర్చీలో కాసేపు కూర్చున్నాను. కిటికీ పక్కనే. కుర్చీ బాగానే ఉంది. కానీ లోకల్ రైలు లేడీస్ డబ్బాలో రోజూ నాకు సీటు పట్టే సునందా, మా మెట్లూ, మా నల్లా దగ్గర తగాదాలూ, ఏవీ ఆ కిటికీలోంచి కనిపించలేదు. ఆ అమ్మాయి కాఫీ తెచ్చేలోపు లేచిపోయాను.

కిందికి వచ్చాను. సోఫా ఖాళీ. నీళ్ళ సీసా ఒక్కటే ఉంది.

హాల్లో ఉన్న ఒడిశా గార్డును అడిగితే, ఆ అమ్మ చలి చలి అంటూ లేచిందనీ, తనను ఏదో అడిగిందనీ, అర్థం కాక రోడ్డు వైపు చూపించాననీ చెప్పాడు. షేర్ ఆటో ఎక్కిందట. ఆమె ఫోను నా సంచిలో ఉంది. మా గెస్ట్‌హౌసు పేరు ఆమెకు తెలియదు. రోడ్డు మీదికి పరిగెత్తాను. అటు అద్దాల మేడలు, ఇటు అద్దాల మేడలు, అన్నిట్లోనూ నేనే కనిపిస్తున్నాను, ఆమె కనిపించడం లేదు. ఆమెను ఈ ఊరికి తెచ్చింది నేనే, అదీ నా సాకు కోసం. ఇంటికి ఫోను చేసి ఏమని చెప్పాలి?

ఓబులేసుకు ఫోను చేశాను. ఎక్కడున్నాడో గానీ వెంటనే వచ్చాడు. చీరతో బైకు వెనక కూర్చుని, కనిపించిన ప్రతి షేర్ ఆటోనూ ఆపి అడిగాను. ఒకతను బ్రేకు వేసి, "ఆకుపచ్చ చీర అవ్వనా? కిరాయి కాడ నాతోటి లొల్లి బెట్టుకున్నదామె. నానక్‌రామ్‌గూడ పాత ఊర్ల దిగింది. పరేషాన్ గాకున్రి, మంచిగనే ఉన్నది" అన్నాడు.

నానక్‌రామ్‌గూడ

మేడల వెనక సందులోకి తిరగగానే చప్పుడు మారిపోయింది. కోళ్ళు, కుట్టుమిషను, ఎవరో ఎవరినో కేకేసి పిలవడం. ఒక నాలుగంతస్తుల ఇంటి ముందు మెట్ల మీద అత్తమ్మ కూర్చుని సర్వపిండి తింటోంది. వేలితో గుంటలు పెట్టి కాల్చిన ఆ బియ్యప్పిండి రొట్టెను ఆమె చేసి పెడితేనే నేను తిన్నాను తప్ప, ఇంకొకరి ఇంట్లో చూడలేదు. పక్కన ఆమె ఈడు మనిషే ఒకామె, చెవులకు బరువైన గంటీలు, చేతిలో సెల్ ఫోను, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "చెప్పకుండా పోతవా అత్తమ్మా! ఎంత భయపడ్డనో తెలుసా?"

"ఆ చలిల ఎవ్వలు కూసుంటరే? ఈడ ఊరు యాడున్నదని అడిగిన. ఆటో ఎక్కిన. వచ్చిన" అంది, కూరగాయలకు పోయొచ్చినట్టు. "గీమె అంజమ్మ. కూసో, తిను."

అంజమ్మది ఆ ఊరే, పుట్టింది కూడా అక్కడే. ఇప్పుడు మా ఆఫీసున్న చోట వాళ్ళ జొన్నచేను ఉండేదట. పొలం అమ్మి ఈ ఇల్లు కట్టింది. పై అంతస్తులో కొడుకులూ కోడళ్ళతో తనుంటుంది, మిగతావన్నీ కిరాయికి. "పగటీలి రెండైతే మీ కంపెనీ నీడ మా ఇంటి మీద పడ్తది. ఎండకాలం సల్లగుంటది. వడియాలే ఎండయి" అంది నాతో, ఆ నీడ నేనే వేస్తున్నట్టు.

అత్తమ్మ చేయి కడుక్కుని, "ఇల్లు మాట్లాడిన" అంది.

"ఏం ఇల్లు?"

"గిదే. కింద రెండు అర్రలు ఖాళీగున్నయ్. నీ ఆఫీసుకు నడుసుకుంట పోవచ్చు. మావోని మిషను ముందటర్రల పడ్తది. ఈ పోరగాళ్ళందరి ప్యాంట్లు వాడే కుడ్తడు."

ఓబులేసు గొంతు సవరించుకుని, "ఈ ఏరియా కూడా నా లిస్టులో ఉండాది మేడం" అన్నాడు.

నీళ్ళకు ఇబ్బందేమో అన్నాను. బోరున్నది అంది అంజమ్మ. ఇరుకుగా ఉంటుందేమో అన్నాను. "మన ఖోలీ కంటెనా?" అంది అత్తమ్మ. దోమలు, అన్నాను. బొంబాయిల లేవా, అంది. వరండాలో నీ దోస్తులందరినీ వదిలి ఎట్లా ఉంటవు, అన్నాను. "ఒక్క పూటల ఒకామె దొరికింది గద. ఇంకో నెలకు ఎంతమంది దొరుకుతరో" అంది. నా దగ్గరున్న సాకులన్నీ ఒక్కొక్కటే అయిపోయాయి. ముగ్గురూ నా మొహం వైపే చూస్తున్నారు. ఎట్లా వచ్చిందో తెలియదు, గట్టిగా అరిచేశాను.

"మలా ఇథం నాహీ యాయ్‌చం!"

మరాఠీలో వచ్చింది. తెలుగు కోసం నేను వెతుక్కోలేదు, అదీ నా కోసం రాలేదు. అరిచాక ఏడుపొచ్చింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను, ఓబులేసు ముందర, సర్వపిండి పళ్ళెం ముందర.

"ఏమంటున్నది?" అంది అంజమ్మ.

"ఈడికి రానంటున్నది" అత్తమ్మ తర్జుమా చేసింది. పళ్ళెం పక్కకు జరిపి నెమ్మదిగా అంది, "గా ముచ్చట బొంబాయిలనే చెప్తె అయిపోవు గద బిడ్డా. నన్ను అన్ని మేడలు ఎందుకెక్కిచ్చినవ్?"

నా పథకం ఆమెకు అర్థమైపోయిందని నాకు తెలిసింది.

లేచి చీర దులుపుకుంది. "అంజమ్మా, మా కోసం జూడకు. ఇంకెవలొస్తె వాళ్ళకియ్యి."

"ఇస్తలే గని, మళ్ళెప్పుడొస్తవ్?" అంది అంజమ్మ, తన ఫోను నంబరు చీటి చేతిలో పెడుతూ. అత్తమ్మ చేయి ఊపింది, అంతే.

రైల్లో ఆమె నాతో పోట్లాడి ఉంటే బాగుండేది. పల్లీలు ఒలిచి నా చేతిలో పెట్టింది, టీ వస్తే రెండు తీసుకుంది, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వికారాబాద్ దాటి ఇంకొంత దూరం పోయాక స్టేషన్ల బోర్డుల మీద తెలుగు అక్షరాలు పోయాయి. అప్పుడు మాత్రం కిటికీ నుంచి ఇటు తిరిగి కూర్చుంది.

వర్లీ

మేం వచ్చేసరికి వరండాలో సభ తీరి ఉంది. మీరంతా ఉన్నారు కదా, మీకు తెలిసిందే. అయినా ఆ రోజు నా లోపల ఏం జరిగిందో మీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

మా ఆయన సంచి అందుకుంటూ, "ఏమంటవమ్మా? నచ్చిందా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "యాడ నచ్చుడు? గవి ఇండ్లా, గూళ్ళు! ఒక్కని మొహం ఒక్కడు సూడడు. కూరేందని అడిగితె పోలీసోన్ని పిలుస్తరు. తెలుగోడు హిందీ మాట్లాడ్తడు. బియ్యప్పిండి రొట్టె జేసే దిక్కు లేదు. నేను పోను. కోడలు పాపం పోదామనే అన్నది. నేనే వద్దన్న."

అందరూ తలలూపారు. పక్కగది శోభాతాయి, పెద్దవాళ్ళను ఎందుకు కష్టపెట్టడం అంది. మా ఆయన నిట్టూర్చి, "సరే, అమ్మ వద్దంటే వద్దు" అన్నాడు. నేను ఏ మాటలు ఆశపడి ఆమెను అంత దూరం మోసుకుపోయానో, ఆ మాటలన్నీ వరసగా వచ్చాయి, నేను అనుకున్నదాని కంటే బాగా. నా పని సలక్షణంగా అయిపోయింది.

ఆమె వైపు చూశాను. నా వైపు చూడకుండా గోడకు ఆనుకుని కూర్చుని, తిరిగి తిరిగి వాచిన పాదం పిసుక్కుంటోంది. ఒక్క పూటలో ఆ ఊళ్ళో తనకు ఇల్లు దొరికింది, మాట్లాడే మనిషి దొరికింది. రెండూ వదిలేసింది. వదిలేసినట్టు ఎవరికీ తెలియకుండా, నా పరువు పోకుండా వదిలేసింది. నా పథకంలో ఆమె ముసలిది, భయస్థురాలు. తీరా చూస్తే భయపడింది నేనొక్కదాన్నే.

"అబద్ధం" అన్నాను. "అత్తమ్మకు నచ్చింది. ఇల్లు కూడా మాట్లాడింది. నాకే భయమేసింది. నేనే రానన్నాను."

అత్తమ్మ నా వైపు గుర్రుగా చూసింది, కష్టపడి అల్లినదాన్ని ఊడదీసినందుకు. మా ఆయన చేతిలో సంచి కింద పెట్టాడు. "నీకు భయమా? లోకల్ రైల్లో తొమ్మిదింటప్పుడు ఎక్కే మనిషివి" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే ఆశ్చర్యపడ్డాడు. "నాకూ భయమే. కొత్త ఊళ్ళో గిరాకీ వస్తుందో రాదో అని. నువ్వు ధైర్యంగా ఉన్నావు కదా అని అడగలేదు."

అంత మాటా అయ్యాక ఎందుకో తేలికైంది. ఇద్దరికీ భయమే అని తెలిశాక ఇక ఒకరి వెనక ఒకరం దాక్కునే పని లేదు, భయపడుతూనే కలిసి పోదామనుకున్నాం. మర్నాడు ఆఫీసుకు పోయి హెచ్‌ఆర్ అమ్మాయితో సరే వస్తానని చెప్పాను. "చూశారా, సొంత ఊరు కదా!" అంది. కాదని చెప్పే ఓపిక లేక సంతకం పెట్టేశాను.

ఆ సాయంత్రం శోభాతాయి మా గదికి వచ్చి నన్ను బాగా చీవాట్లు పెట్టింది. ఈ వయసులో ముసలి ప్రాణాన్ని తెలియని ఊరికి ఈడ్చుకుపోతావా, నీకు మనసెట్లా ఒప్పింది, పొద్దున్నించీ నల్లా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది పాపం, తనకు నచ్చిందని నువ్వన్నది ఉత్తిదేనట అంది. ఆమె వెనక మీలో ఇంకో నలుగురు ఉన్నారు, అందరూ నన్ను అట్లాగే చూశారు. ఎవరి పేరూ రాయనులెండి.

తొంగిచూస్తే అత్తమ్మ వరండా చివర అటు తిరిగి కూర్చుంది. కొంగుతో కళ్ళొత్తుకుంటూ, చెవికి ఫోను పెట్టుకుని, ఎవరికీ వినబడకుండా అంజమ్మకు చెప్తోంది: "వచ్చే నెల వస్తున్నం. ఎవలకన్న ఇస్తివా ఊకోను. కిటికీలకు పరదలు కుట్టియ్యాలె, జర కొలతలు దీసి పెట్టు."